జీడిపప్పు డబ్బా గేమ్

అరసవల్లిలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ముందు నిలబడ్డప్పుడు లెడ్డు కరిగే పొగ ముక్కుకు తగిలితే చాలు, విజయనగరంలో ఒక హైస్కూలు వేదిక మీద మైకులో చదివిన పేరు ఇప్పటికీ చెవిలో పడుతుంది. సైన్స్ ప్రదర్శనలో మొదటి బహుమతి, చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్, తయారుచేసింది రమణ. ఆ రమణ మా మేనమామ కొడుకు, నాకు బావ. గేమ్ తయారుచేసింది నేను. పక్కన కూర్చున్న అమ్మ చప్పట్లు కొట్టింది.

అప్పటికి నాకు పద్నాలుగేళ్లు. వేసవి సెలవులన్నీ చీపురుపల్లిలో అమ్మమ్మ ఇంట్లోనే. పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని తాగే చోడి అంబలి, మధ్యాహ్నం గోనె మీద కుప్పపోసిన తాటిముంజలు, వేళ్లకు జిగురంటించే పనసతొనలు, రైలు వెళ్లినప్పుడల్లా గలగలమనే పెరటి రేకులు, వీటన్నిటి మధ్యా మాకు ఒకటే యావ, టీవీకి తగిలించి ఆడే క్యాసెట్ల గేమ్. టీవీ మాత్రం అమ్మమ్మది. ఆవిడ సీరియల్ పెట్టిందంటే మా ఆట అక్కడితో సరి. ఎవరి టీవీతోనూ పనిలేని గేమ్ ఒకటి చేసుకోవాలని నాకు అప్పుడే పట్టుదల పుట్టింది.

మావయ్యకు రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టుండేది. అక్కడ మూలపడిన బుల్లి బ్లాక్ అండ్ వైట్ టీవీని, విరిగిన గేములోని బోర్డును అడిగి తీసుకున్నాను. పెద్ద పలాస జీడిపప్పు డబ్బాను కత్తిరించి, షాక్ కొట్టకుండా లోపల సైకిల్ ట్యూబు పరిచి, ఆ రెండూ అందులో బిగించాను. మీటలకు అమ్మ కుట్టుపెట్టెలోని టిచ్ బటన్లు పెట్టాను. క్యాలెండరు కాగితం వెనక నా అరచెయ్యి ఆనించి చుట్టూ గీసి, ఏ వేలు ఎక్కడ పడుతుందో చుక్కలు పెట్టుకుని, ఆ చుక్కల దగ్గరే రేకుకు చిల్లులు పొడిచాను. బావ పని టార్చి పట్టుకోవడం, నన్ను ఏడిపించడం. "ఒసే ఇంజినీరమ్మా, టీ తెమ్మంటావేటే?" అనేవాడు. ఎనిమిది పెద్ద బ్యాటరీలు వేసి, సంచి పట్టీతో మెడకు తగిలించుకుంటే తెర మీద బొమ్మ వంకరగానైనా కదిలింది. "ఓలమ్మో!" అన్నాడు మావయ్య.

సెలవులయ్యాక ఆడపిల్ల మెడలో ఆ డబ్బాతో రైలెక్కడమేమిటని అమ్మ ఒప్పుకోలేదు. కొట్లోనే వదిలి వచ్చాను.

ఆ డబ్బానే బావ విజయనగరం ప్రదర్శనకు పట్టుకెళ్లాడు. అక్కడ ఆడి చూపిస్తుంటే బావ బొటనవేలు రెండు మీటల మీదా ఒకేసారి పడుతోంది. ఈసారి కొంచెం ఎడంగా పెట్టు అన్నారు ఒక మాస్టారు. "అలాగే సార్" అన్నాడు బావ, కొలతలు తను వేసినట్టే.

బయట చెట్టు కింద నేను ఏడుస్తుంటే మావయ్య నవ్వాడు. "నీదయితేటి, ఆడిదయితేటి? రేపు ఇద్దరిదీ ఒకిల్లే కదేటే!" నేను పుట్టినప్పటి నుంచీ నన్ను రమణకే ఇవ్వాలనుకున్న ఇళ్లు మావి. ఆ ఒక్క మాటతో నా పెన్నూ, నా సైకిలూ ఇదివరకే అటు వెళ్లిపోయాయి. అందరూ నవ్వారు. నేను అమ్మ వైపు చూశాను. లెడ్డు కరిగించే వేడి కడ్డీ తగిలి నా వేళ్లు బొబ్బలెక్కినప్పుడు కొబ్బరినూనె రాసింది ఆవిడే. "ఊరుకోయే, నలుగురూ సూస్తన్నారు" అంది.

ఆ ఒకిల్లు మాత్రం రాలేదు. బావకు గజపతినగరం సంబంధం కుదిరింది. అమ్మమ్మా, మావయ్యా పోయారు. కొట్టున్న చోట ఇప్పుడు బిర్యానీ అమ్ముతున్నారు. అలాంటి టీవీ ఇస్తానన్నా పాత ఇనుము వాడు కూడా ముట్టడం లేదు.

కిందటి నెల బావ ఫోన్ చేశాడు. తన అద్దాల బీరువాలోని ఆ గేమును ఆడించి చూపమని కూతురు పట్టుబట్టిందట. "లోపల ఏ వైరు ఎటెళ్తందో తెలీట్లేదే, ఓపాలి సెప్పవే" అన్నాడు. ఎర్ర తీగ ట్యూబు కిందుగా వెళ్తుందని చెబుతుంటే స్పీకర్లోంచి ఆ పిల్ల గొంతు వినబడింది. "పిన్నీ, అది నాన్న సేసింది కదా, నీకెలా తెలుసు?"

బావ నవ్వేసి, మళ్లీ చేస్తానని పెట్టేశాడు. అమ్మ నా పక్కనే కూర్చుని అంతా వింది.