మిద్దె మెట్ల మీద హంపమ్మ

గుట్టకిందిపల్లెలో నాగన్న పెండ్లాం హంపమ్మ సామాన్యురాలు కాదు. కోతల రోజుల్లో చేలో ఎంతమంది కూలోళ్లుంటే అంతమందికీ పొద్దు నెత్తికెక్కేలోపల జొన్నరొట్టెలు తట్టి గంపకెత్తిన మనిషి. బండెడు చొప్పను ఒక్కతే దించి వామి వేసిన మనిషి. ఈనలేక అరుస్తున్న బర్రె కడుపులోంచి దూడను తన చేతులతో తీసి, తల్లినీ బిడ్డనూ దక్కించిన మనిషి. కర్నూలు రాజధాని అయిందట, గుడారాల్లో సర్కారు కచేరీలు పెట్టారట అని ఊళ్లో మగవాళ్లంతా బండ్లు కట్టుకుని చూడబోయిన నాడు, బావిలో పడ్డ మేకను నడుముకు తాడు కట్టుకుని దిగి పైకి తెచ్చింది కూడా ఈమే. నందికొట్కూరు సంతలో ఆ ఊరివాళ్లు ఈ సంగతులు గొప్పగా చెప్పుకునేవాళ్లు. చెప్పుకోదగ్గవే మరి.

అట్లాంటి మనిషికి ఆ మరుసటి వానాకాలంలో ఊపిరి అందకుండా పోయింది.

మొదట ఒక్కగానొక్క కొడుకు మహానందికి విషజ్వరం వచ్చింది. పిల్లవాడు కన్ను తెరవని రోజున హంపమ్మ తూర్పు దిక్కుకు తిరిగి చేతులు జోడించింది. "శ్రీశైల మల్లన్నా, వీన్ని నాకు దక్కించు. నా కాళ్లతో నడిచి నీ కొండకొస్తా" అని మొక్కుకుంది. పిల్లవాడు దక్కాడు. ఆ జ్వరమే ఆమెకు తగిలింది. మంచం దిగేసరికి కాళ్లలో చేవ లేదు. బావి నుంచి ఒక్క కడవ తెస్తే నడుమ కూర్చోవాల్సి వచ్చేది. గుండె డప్పులా మోగేది.

అప్పటికి శ్రీశైలానికి బస్సు దారి పడలేదు. శివరాత్రికి పోయేవాళ్లు ఆత్మకూరు దాటి, నల్లమల అడవిలో నడిచి, భీముని కొలను లోయలోకి దిగి, అటువైపు నిలువునా ఉండే రాతిమెట్లు ఎక్కి పోవాలి. ఊరి నుంచి నడిచే గుంపుకు పెద్ద బొజ్జన్న. ఆయనది ఒకటే కట్టుబాటు. "అడవిలో ఎవురి కోసమూ నిలబడేది ల్యా. ఆయాసపడేటోళ్లు ఇంటికాడనే దండం పెట్టుకోండి" అనేవాడు.

హంపమ్మ తోటికోడలు ఈరక్క, అంటే నాగన్న అన్న పెద్ద ఈరన్న భార్య, అంతకుముందటి శివరాత్రికి మొగుడితో, మరిది నాగన్నతో కలిసి పోయివచ్చింది. అప్పుడు ఇల్లు చూసుకున్నది హంపమ్మే. అత్త జీవమ్మ కండ్లకు పొరలు వచ్చి పొయ్యి దగ్గరికి పోలేదు కాబట్టి కోడళ్లిద్దరిలో ఒకరు ఇంటిపట్టున ఉండి తీరాలి. ఈసారి హంపమ్మ పోవాలి, ఈరక్క ఉండాలి. ఇది ఇంట్లో అందరూ ఒప్పుకున్న మాట.

"నీకు ఊపిరి నిలబడేది నేను నేర్పిస్తా మే" అంది ఈరక్క. "మిద్దె మెట్లు ఉండాయి గదా. దినామూ కొంచెం కొంచెం ఎక్కి దిగు. ఒక్కసారే వొద్దు."

"నాకు తీరికేడిదక్కా?"

"తీరిక ఎవురికుండాది? పనుల సందులో చేసుకోవల్ల."

హంపమ్మ అట్లే పనుల సందులు వెతుక్కుంది. తెల్లవారి పొయ్యి మీద ఎసరు పెట్టి, రెండు లావు కట్టెలు ఎగదోసి, కొంగు నడుముకు బిగించి మెట్ల మీదికి పోయేది. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. ఎసరు మరిగే చప్పుడు వినబడగానే వచ్చి పిండి పోసేది. చేలోకి గంపలు పోయిన తర్వాత పిల్లవాడు ఉయ్యాలలో నిద్రపోయే కాసేపు మళ్లీ ఎక్కేది. సాయంత్రం దూడను విడిచి బర్రె చేపుకొచ్చేలోపల ఇంకొంచెం. మిద్దె మీద ఎండబోసే మిరపకాయలు పోయినేడాది ఒక్క గంపలో మోసింది. ఈ ఏడు కావాలనే చిన్న చేటతో పదే పదే తీసుకుపోయింది.

మొదట్లో సగం మెట్లకే గోడ పట్టుకునేది. కళ్లముందు మిణుగురులు తిరిగేవి. ఈరక్క కిందనుంచి కేక పెట్టేది. "నోరు తెరవొద్దు మే, ముక్కుతో పీల్చు! మోకాలి మీద చెయ్యి ఆనించొద్దు! భీముని కొలను కాడ నేను ఇట్లనే ఎక్కినా. ఒక్క తావన గూడా నిలబడలే. బొజ్జన్న మామనే నోరెళ్లబెట్టె." పిల్లవాడు లేస్తే తనే ఎత్తుకుని ఆడించేది. హంపమ్మకు సొంత అక్క లేదు. ఉంటే ఇంతకంటే ఏం చేస్తుందిలే అనుకునేది.

మట్టి మిద్దె కాబట్టి పైన నడిస్తే కింద మన్ను రాలేది. జీవమ్మ తిన్నె మీది నుంచి గొణిగేది. "ఏందే హంపీ, నా బువ్వలో మన్ను పోస్తాండావు? ఆ మల్లన్నకు ఈడికే రమ్మని కబురుపెట్టు, నడిచేది తప్పుతాది."

ఎదురింటి రంగన్న నాగన్నను ఆటపట్టించేవాడు. "ఏమప్పా, నీ పెండ్లాము మిద్దె మీద ఎవుర్ని తరుముతాండాది?"

"నన్నే లేప్పా. పైన దొరకలేదని కిందికి, కింద దొరకలేదని పైకి తిరుగుతాండాది" అనేవాడు నాగన్న.

దసరాకు మొదలుపెట్టిన మనిషి సంక్రాంతి దాటేసరికి పిల్లవాణ్ణి చంకనేసుకుని ఎక్కింది. శివరాత్రికి వారం ముందు బొజ్జన్న చూడటానికి వచ్చాడు. హంపమ్మ నిండు కడవ నెత్తిన పెట్టుకుని పైకి పోయి, దిగి, మళ్లీ పోయి దిగి, కడవ దించకుండానే అడిగింది. "ఏం మామా, చాలునా? ఇంకా ఎక్కల్నా?"

మాటలో ఎక్కడా ఆయాసం లేదు. బొజ్జన్న నవ్వి, "చాలు తల్లీ. నువ్వు ముందు నడువు, నేనే నీ ఎనక వస్తా" అన్నాడు. ఎందుకో ఒకసారి ఈరక్క వైపు చూసి తల తిప్పుకున్నాడు. ఈరక్క మాత్రం నవ్వలేదు. రొట్టె మాడుతోందని లోపలికి వెళ్లిపోయింది.

ప్రయాణం నాటి తెల్లవారుజామున హంపమ్మ తలకు పోసుకుని, రొట్టెలూ శనక్కాయల పొడీ మూట కట్టుకుని వంటింట్లోకి వచ్చింది. పొయ్యి వెలిగించి లేదు. ఈరక్క బయట, పసులు మేత మేసే గాటిపాడు పక్కన గోనెపట్టా మీద కూర్చుని ఉంది.

"హంపీ, నేను బయట చేరితిని మే. ఈసారి దినాలకంటే ముందే వచ్చె" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

బయట చేరిన ఆడది మూడు దినాలు పొయ్యి ముట్టకూడదు, నీళ్ల కడవ ముట్టకూడదు. జొన్న కోత నడుస్తోంది. కూలోళ్లు అప్పటికే వాకిట్లో చేరుతున్నారు. అత్తకు చూపు లేదు. ఎవరూ హంపమ్మను ఉండమని చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఆమె మూట విప్పి, ఆ రొట్టెలే కూలోళ్ల గంపలో పెట్టింది.

"మల్లన్న యాడికి పోతాడమ్మా, మళ్లేడు పోదువులే" అన్నాడు పెద్ద ఈరన్న నేల చూస్తూ. నాగన్న చుట్టిన తలపాగా విప్పేసి, "నువ్వు రానంక నాకెందుకు, నేనూ పోను" అన్నాడు. ఆ మాటకు హంపమ్మ కడుపు నిండిపోయింది. ఎంత మంచివాడో అనుకుంది. ఈరక్క ఇంకా ఏడుస్తుంటే దూరంగా నిలబడి తనే సముదాయించింది. "ఏడవొద్దక్కా. అది నీ చేతిలో ఉండాదా ఏమి?" అని ఆ మూడు రోజులూ వేళకు బువ్వ పెట్టింది, పైనుంచి నీళ్లు పోసింది. గుంపు హరహర మహాదేవ అని కేకలు పెట్టుకుంటూ ఊరు దాటుతుంటే మాత్రం పిండి కలుపుతున్న చేతులు కాసేపు ఆగాయి.

నాలుగో రోజు చాకలి భీమక్క మైలబట్టలకు వచ్చింది. మూట విప్పి చూసి, గడప దగ్గర హంపమ్మతో నవ్వుతూ అంది. "ఏం తల్లీ, మీ అక్క ఊరికేనే బయట కూకుండెనా? మరక ల్యా, మాసింది గూడా ల్యా. మడత నలగలే. నాకు పని తగ్గె, మేలే!" హంపమ్మ ముఖం చూసి నవ్వు ఆపేసింది. "నేనేమీ అన్లే తల్లీ" అని మూట ఎత్తుకుని గబగబా వెళ్లిపోయింది.

ఈరక్క తలస్నానం చేసి మిద్దె మీద జుట్టు ఆరబెట్టుకుంటోంది. హంపమ్మ మెట్లెక్కి ఎదురుగా నిలబడింది.

"అక్కా, నువ్వు బయట చేరింది నిజమేనా?"

"ఎవురు చెప్పిరి?"

"నీ బట్టలే చెప్పె."

ఈరక్క జుట్టులో వేళ్లు అట్లాగే ఉండిపోయాయి. తర్వాత ఒక్కసారిగా లేచింది. "అవును మే, అబద్ధమే. ఏం చేయమంటావు? నేను ఎక్కలే. ఆ కొలనులోకి దిగినంక కాళ్లు రాలే, కూలబడితి. డోలీ కట్టి మోసుకుపోయిరి, పీనుగను మోసినట్ల. ఊరికొచ్చి ఎక్కినా అని చెప్పుకొంటి. గుంపులో ఉండేటోళ్లు మా ఆయన మొగం చూసి నోరు మూసుకొనిరి. నువ్వు ఆడికి పోతే దారంతా అదే మాట వస్తాది. నువ్వు నిజంగా ఎక్కివస్తే నా మొగము యాడ పెట్టుకునేది?"

"నాకు నేర్పించింది నువ్వే గదక్కా! పిల్లోన్ని ఎత్తుకుంటివి, ఊపిరి పీల్చేది చెప్తివి..."

"నువ్వు ఎక్కలేవనుకొంటి" అంది ఈరక్క.

ఇన్నాళ్లూ కింద నిలబడి పెట్టిన కేకలన్నీ ఒక్కసారి హంపమ్మ చెవుల్లో తిరిగాయి. తాను ఎప్పుడు గోడ పట్టుకుంటుందా అని చూసిందన్నమాట. ఆమె దిగబోతుంటే ఈరక్క వెనకనుంచి ఇంకో మాట విసిరింది. "నన్నొక్కదాన్నే తిట్టుకోవద్దు. పోయినేడు ఆ డోలీ ఎనక నడిచిందెవురో నీ మొగున్ని అడుగు."

నాగన్న పొద్దుగూకేవేళ చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. హంపమ్మ చెంబు పట్టుకుని నిలబడే అడిగింది.

"ఏమయ్యా, అక్క డోలీలో ఎక్కింది నీకు తెలుసునా?"

"ఎవురనిరి..." అని, ఆమె చూపు చూసి ఆగిపోయాడు. "తెలుసు."

"బయట చేరింది అబద్ధమని?"

నాగన్న తడి కాళ్లతోనే అరుగు మీద కూర్చున్నాడు. "అన్న ముందురోజే చెప్పె. నేనేం చేద్దు? వదిన పరువు, ఇంటి పరువు. పెద్దోడు అడిగితే కాదంటానా? ఒక్క ఏడాదే గదా అనుకొంటి."

"అందుకేనా నువ్వూ పోకుండా నిలబడితివి?"

అతను వంగి పైగుడ్డతో కాళ్లు తుడుచుకోసాగాడు. ఆ రోజు తలపాగా విప్పినప్పుడు తనకు కడుపు నిండిన సంగతి గుర్తొచ్చి హంపమ్మకు సిగ్గు వేసింది. ఎవరో వీధిలో కొంగు లాగినంత సిగ్గు.

"మరి నా మొక్కు?"

"మల్లన్న ఏమీ అనుకోడు లేమ్మే."

"ఆయప్ప అనుకోడు. నేను అనుకుంటా."

ఆ తర్వాత హంపమ్మ కొన్నాళ్లు మెట్లెక్కలేదు. మిరపకాయలు పైన అట్లే ఎండి పెళపెళలాడాయి. ఈరక్క ముందుగా పలకరించేది, ఉప్పు ఉందా అనో, బర్రె మేసిందా అనో. హంపమ్మ అడిగినంతవరకే చెప్పేది. ఇంట్లో ముగ్గురికీ తెలిసిన అబద్ధం మీద తన ఒక్కదాని కష్టం పోసి కడుగుతున్నారనిపించేది. మొక్కు మాత్రం ఎవరి అబద్ధంతోనూ తీరేది కాదు. ఒక తెల్లవారి ఎసరు పెట్టి, తనకే తెలియకుండా లేచి మెట్లవైపు నడిచింది. ఈసారి కింద కేకలు పెట్టేవాళ్లు లేరు. ముక్కుతో ఊపిరి దానంతటదే వచ్చింది.

ఉగాదికి శ్రీశైలం పోయే కన్నడంవాళ్లు ఏటా ఆ ఊరి బాటనే నడుస్తారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా ఉంటారు. ఆ గుంపు వచ్చి చావడి దగ్గర దిగిన పొద్దున హంపమ్మ మూట కట్టుకుని, మహానందిని చంకనేసుకుని వాకిట్లోకి వచ్చింది. జొన్నలు ఇల్లు చేరాయి, కూలోళ్లు లేరు.

"పండగ పూట భక్ష్యాలు ఎవురు చేస్తారే?" అంది జీవమ్మ.

"ఇంట్లో పెద్దకోడలు ఉండాది అత్తా. ఈసారి నేను బయట చేరినాననుకోండి."

ఈరక్క వంటింటి తలుపు వెనక్కి జరిగింది. నాగన్న పరుగున వచ్చాడు. "నేనూ వస్తా మే. పిల్లోన్ని నేనెత్తుకుంటా."

"వొద్దు. నువ్వు ఇంటికాడ ఉండి పరువుకు కావలి కాయి" అని వెనక్కి చూడకుండా నడిచింది. చావడి దగ్గర ఒక ముసలి కన్నడామె జరిగి చోటిచ్చింది. "బా తాయీ" అని తన భాషలో రమ్మని పిలిచింది. అంతకంటే ఏమీ అడగలేదు.

భీముని కొలను దగ్గర లోయలోకి దిగి, అటువైపు మెట్లెక్కేటప్పుడు గుంపులో మగవాళ్లు కూడా నడుమ నడుమ కూలబడ్డారు. హంపమ్మ పిల్లవాణ్ణి చంకనేసుకునే ఎక్కడా నిలబడకుండా ఎక్కింది. కట్టుకథ కాదు, ఆ గుంపులోవాళ్లు మరుసటేడు ఆ ఊళ్లో దిగినప్పుడు చెప్పి పోయిన మాట. పైకి చేరి వెనక్కి తిరిగి చూస్తే, సంతోషంతో ఏడుపు వస్తుందనుకున్న మనిషికి ఏమీ రాలేదు. చూడమని చెప్పుకోవడానికి తనవాళ్లెవరూ అక్కడ లేరు. పిల్లవాడు మాత్రం ఆకలి అన్నాడు. రొట్టె తుంచి పెట్టింది.

శ్రీశైలంలో నడిచి వచ్చినవాళ్లు దుమ్ము కాళ్లతోనే లోపలికి పోయి లింగానికి తల ఆనించి మొక్కుకోవచ్చు. హంపమ్మ ముందు పిల్లవాడి తల ఆనించింది, తర్వాత తన తల ఆనించింది. పక్కనున్న అయ్యవారు ఇంట్లోవాళ్ల పేర్లు చెప్పమన్నాడు.

"మహానంది" అంది. "మా అత్త జీవమ్మ. నేను హంపమ్మ."

అయ్యవారు ఆమె మెడలోని తాళి చూసి ఆగాడు. వెనకనుంచి జనం తోస్తున్నారు.

"ఇంకెవరున్నారమ్మా ఇంట్లో?"

హంపమ్మ లింగం మీద ఆనించిన చెయ్యి తీయలేదు.

"ఇంకెవురూ లేరు సామీ" అంది.