రోజ్ వాళ్లమ్మ రాయి

చుట్టల డబ్బా మూత తీస్తే ఇప్పటికీ పిడకల పొగ వాసన వస్తుంది. మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంటులో పిడకలు ఎక్కడివని వచ్చినవాళ్లు అడుగుతారు. న్యూ మెక్సికోలో ఆదివాసుల ఊళ్లను ప్యూబ్లోలంటారు. అలాంటి ఒక ఊరి కుమ్మరి కుటుంబం గుర్తులు నా దగ్గరున్నన్ని అమెరికాలో ఏ మ్యూజియంలోనూ లేవు.

మ్యూజియం మాట కాస్త పెంచాను. ఉన్నవి రెండు చెప్పుల పెట్టెలు, ఈ డబ్బా. రిటైరయ్యాక న్యూ మెక్సికోలోని అల్బుకర్కీలో మా అమ్మాయి దగ్గర నాలుగేళ్లున్నాం. ఆ కుమ్మరి ఇంటివాళ్లు పిడకల పొగలో కాల్చే నల్లకుండలు కొనే తాహతు లేక, వాటి చుట్టూ రాలినవి ఏరుకున్నాను: పోస్టుకార్డులు, ఎగ్జిబిషన్ కరపత్రాలు, ఒకసారి వాళ్ల అంగడికి కట్టిన పేరు అట్ట. ఆ ఇంటి పెద్ద రోజ్, నాకన్నా పదేళ్లు పెద్దది. ఏం దొరికినా తీసుకెళ్లి సంతకం పెట్టమనేవాణ్ణి. పెట్టేది. కుండ తప్ప అన్నీ కొంటావని ఒకసారి నవ్వింది.

రెండువేల ఎనిమిదిలో పాతసామాన్ల సంతలో ఈ డబ్బా దొరికింది. లోపల, కరపత్రాల్లో చూసి గుర్తున్న రోజ్ తల్లి ఫోటో, పొగచూరిన గుడ్డలో చుట్టిన నున్నటి గులకరాయి. కాల్చకముందు కుండను అలాంటి రాయితోనే రుద్ది మెరుగు పెడతారు. అది తల్లి నుంచి కూతురికి వస్తుంది. ఇది ఫలానావిడ రాయేనని రాయించుకుందామని నా భార్య సరోజను వెంటబెట్టుకుని ఆ మధ్యాహ్నమే బయలుదేరాను.

రోజ్ వాకిట్లో అప్పుడే ఒక కుండకు మట్టిపూత పూసి కూర్చుంది. రాయిని అటూ ఇటూ తిప్పింది. ఒక పక్కనున్న చిన్న గుంటలో బొటనవేలు ఆనించింది; సరిగ్గా అమరింది. తల్లి పోయాక తమ్ముడు ఇంట్లో సామానంతా గుత్తగా అమ్మేశాడనీ, పదకొండేళ్లుగా దీనికోసం వెతుకుతున్నాననీ మామూలు గొంతుతోనే చెప్పింది. తర్వాత తన రాయి పక్కన పెట్టి దీనితో రుద్దడం మొదలుపెట్టింది. పూత ఆరేలోపు మెరుగు పూర్తి కావాలి, మధ్యలో ఆపితే చారలు పడతాయి. రెండు గంటలు నేను కాగితం, పెన్ను పట్టుకుని నిలబడ్డాను.

అంతా అయ్యాక, "సంతకం?" అన్నాను.

ఆమె నా చెయ్యి లాక్కుని, నా బొటనవేలిని ఆ గుంటలో పెట్టి నొక్కింది. నా వేలు పట్టలేదు.

"మా అమ్మది. నాది. ఇంక కాగితమెందుకు?" అంది.

అప్పుడా రాయిని ఆమెకే కానుకగా ఇచ్చేసి వచ్చాను. రోజ్ పోయి మూడేళ్లయింది. ఆ రోజు తర్వాత నేనెవరినీ సంతకం అడగలేదు. పాత వస్తువేదైనా చేతికొస్తే, ఎక్కడ అరిగిందో ముందు వేలితో తడిమి చూస్తాను.

ఇదంతా సరోజకు చదివి వినిపించాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తకుండానే అంది:

"మీరెక్కడిచ్చారండీ? ఆవిడ రాయి తీసుకుని లోపలికెళ్లి తలుపేసుకుంది. మీరు పోనీ ఆ రాయిని ఫోటో అయినా తీసుకోనివ్వమని రెండుసార్లు తలుపు కొట్టారు. రెక్క పట్టుకుని కారెక్కించింది నేను."