గూడబాతు ఎలా నిలబడుతుంది? కొల్లేరు, కొల్లేటికోట, కొండపల్లి ఒక్క ఆదివారంలో

నాకు గొప్పలు చెప్పుకునే జబ్బుంది. ఈ ప్రయాణం దాని పుణ్యమే. ఉండేది విజయవాడ పటమటలో, డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను, సెలవు దొరికితే కెమెరా మెడలో వేసుకుని ఊళ్ల మీద పడతాను. ఆ మధ్య ఒక పెళ్లి కానుక కొందామని కొండపల్లి వెళ్తే, బొమ్మలు చేసే రమణి గారు దిగాలుగా కూర్చుని ఉన్నారు. ఎదురుగా చెక్క గూడబాతు, అదే పెలికాన్, బోర్లా పడి ఉంది. వాళ్లింట్లో చెక్కేది మగవాళ్లు, రంగులు వేసేది ఆడవాళ్లు. ఈవిడ పంతం పట్టి మొదటిసారి తనే ఒక బొమ్మ చెక్కారు. "ముక్కు బరువుకి ముందుకి పడిపోతోందండీ మేడంగారూ. అసలు పక్షి అంత ముక్కేసుకుని ఎలా నిలబడుతుందో నేనెప్పుడూ చూళ్లేదు," అన్నారు. సోమవారం పొద్దున్నే ఎగ్జిబిషన్‌కి పార్సెల్ వెళ్లాలి. వాళ్ల మామగారు చేతిలో ఉలి ఆపకుండానే, "నిలబెట్టి చూపించమ్మా, నీ పేరు మీదే పంపిద్దాం. లేదంటే ఎప్పట్లాగే నా ఏనుగు అంబారీ వెళ్తుంది," అన్నారు. నేను నోరు మూసుకుని ఉండొచ్చుగా? "కొల్లేరు ఎంత దూరమండీ! నిలబడ్డ గూడబాతు ఫొటో ఆదివారం సాయంత్రానికి మీ చేతిలో ఉంటుంది," అనేశాను.

ఎలాగూ వెళ్తున్నాం కదా అని సరస్సు, గుడి, కొండ మూడూ ఒకే రోజులో వచ్చేలా ప్లాన్ వేశాను. వన్ టౌన్‌లో ఉండే ఖాజా భాయ్ కారు మాట్లాడుకున్నాను, డీజిల్‌తో కలిపి నాలుగున్నర వేలు. పొద్దున్న నాలుగూ ముప్పావుకి పటమటలో బయలుదేరి, కంకిపాడు మీదుగా గుడివాడలో టీ తాగి, కైకలూరు దాటి ఆటపాక చేరేసరికి ఏడైంది. మంచు కాస్త విడిచాక పడవ కదిలింది, నాకూ ఖాజా భాయ్‌కీ కలిపి రెండు వందల చిల్లర. ఇనప స్టాండ్ల మీద గూళ్లు, గూళ్ల నిండా పక్షులు, నీళ్ల మీద వాటి నీడలు. అబ్బ, ఏమన్నా వెలుగా అది! ఈదేవి, ఎగిరేవి, రెక్కలు విప్పేవి ఎడాపెడా తీశాను. నిలబడ్డది మాత్రం పడవ దిగాక గట్టు దగ్గర దొరికింది. బురదలో మోకాళ్ల మీద కూలబడి గురి పెట్టాను. నాలుగైదుసార్లు ఎదురుగా చూసి, ఆ మహాతల్లి నాకు వీపు తిప్పేసి అలాగే నిలబడింది, అవీ నాలుగు నొక్కాను. వెనకాల ఖాజా భాయ్ ఫోన్ క్లిక్‌మంది. బురద కొట్టుకుపోయిన నా అవతారం చూసి నాకే నవ్వొచ్చింది గానీ, "పరువు తియ్యకండి భాయ్, ముందది డిలీట్ చెయ్యండి," అన్నాను. "చేసేశా మేడం," అన్నాడు బుద్ధిగా.

అక్కణ్నుంచి కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి అరగంట. చెరువుల మధ్య గట్టు లాంటి రోడ్డు, రెండు పక్కలా ఆపి ఫొటోలు తీసుకోవచ్చు. ఆదివారం కదా, దర్శనానికి గంట పట్టింది. ఆ గంటలో నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. వరుసలో నిలబడి, నిండిపోయిన కెమెరా కార్డు ఖాళీ చేసుకుంటూ, ముఖం కనబడని ఫొటోలన్నీ ఏరి పారేశాను. వీపు ఫొటో ఎవరిక్కావాలి అనుకున్నాను. తిరిగి వస్తూ కైకలూరులో కొరమీను పులుసుతో భోజనం. వడ్డించే ఆవిడ నా వాలకం చూసి, "ఆ కెమెరా అవతల పెట్టి తినండమ్మా, ముల్లు గుచ్చుకుంటే ఫొటో కాపాడదు," అని కసిరింది. కెమెరా పక్కన పెట్టి తిన్నాను.

విజయవాడ దాటి, ఇబ్రహీంపట్నం మీదుగా కొండపల్లి కోట ఎక్కేసరికి మూడున్నర. కారు పైదాకా వెళ్తుంది. పాడుబడిన గోడల మీద ఏటవాలు ఎండ, కింద థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు, దూరంగా కృష్ణ. ఐదింటిలోపు దిగిపోవాలి కాబట్టి ఎండ బాగుంది కదా అని కూర్చోకండి.

కోట దిగి వెళ్లేసరికి రమణి గారు గుమ్మంలోనే ఉన్నారు. కెమెరాలో ఫొటోలు ఒక్కొక్కటే చూశారు. "బంగారంలా ఉన్నాయండీ," అని ఆగి, "ఇది ఎదుటి నుంచి కదండీ. మెడ వెనక్కి ఎంత వాలిందో ఇందులో తెలీదు. పక్క నుంచి గానీ వీపు నుంచి గానీ లేవా? బొమ్మని చుట్టూ తిప్పి చూస్తారు కదా," అన్నారు.

గుళ్లో పారేసినవన్నీ కళ్ల ముందు తిరిగాయి. సిగ్గుతో చచ్చిపోయాను. డిలీట్ చేశానని చెబితే ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. "పోన్లెండి, మీరు మాత్రం ఏం చేస్తారు," అన్నారు. అది ఇంకా బాధగా ఉంది.

అప్పుడు ఖాజా భాయ్ మెల్లగా ముందుకొచ్చాడు. "మేడం, తిట్టనంటే ఒక మాట. పొద్దున్నది డిలీట్ చేశానన్నాను గానీ, చెయ్యలేదండీ. మా ఇంట్లోవాళ్లకి చూపించి నవ్విద్దామని ఉంచుకున్నా."

ఫోన్‌లో ముందు బురదలో నేను, అవతల వీపు ఓరగా తిప్పి నిలబడ్డ గూడబాతు. మెడ మడత పడి భుజాల మీదికి ఒదిగింది, అంత ముక్కూ రొమ్ముకి ఆనించుకుంది, బరువంతా కాళ్ల మీదే. రమణి గారు రెండు వేళ్లతో నన్ను పక్కకి తోసేసి పక్షిని పెద్దది చేశారు. "అదీ సంగతి! నేను మెడ ముందుకి చాచేశాను," అంటూనే రంపం అందుకున్నారు. మెడ కోసి, వెనక్కి వాల్చి, మక్కు పెట్టి అతికించారు. మక్కు అంటే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. కాసేపు పట్టుకుని ఉండి, పీట మీద పెట్టి చెయ్యి తీశారు. ఒకసారి ఊగింది. నిలబడింది. ఖాజా భాయ్ చప్పట్లు కొట్టేశాడు.

మామగారు దాన్ని చుట్టూ తిప్పి చూశారు, వేలితో వీపు మీద తట్టారు, పడలేదు. ఉలి పక్కన పెట్టారు. "మక్కు ఆరనీ. ఆ కుంచెలు ఇలా ఇవ్వమ్మా, తెల్లారేలోగా రంగు నేనేస్తాను. అడుగున పేరు మాత్రం నువ్వే రాసుకో," అన్నారు. రమణి గారు కుంచెల డబ్బా అందించి, కొంగుతో కళ్లు తుడుచుకుని నవ్వారు.

ఆ రోజు నేను తీసినవి మూడు వందల పైన. వాటిలో చూడముచ్చటైనవి చాలానే ఉన్నాయి, ఫ్రేమ్ కట్టించినవీ ఉన్నాయి. పనికొచ్చింది మాత్రం నేను వద్దన్న ఒక్కటే, అదీ నాది కాదు. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ కాస్త సిగ్గు, చాలా సంతోషం. ఈ దారిలో వెళ్లేవాళ్లకి ఒక్క సలహా: నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లండి, కార్డులు రెండు పెట్టుకోండి, ఇంటికొచ్చేదాకా ఏదీ చెరపకండి. పక్షి వీపు తిప్పిందా, అలకలు మాని అది కూడా తియ్యండి.