కళ్ళు మూసుకుని ఎంచుకున్న రైఫిల్

నా చిన్నప్పుడు కెనడాలోని మా కిచెనర్ ఊరు మొత్తమ్మీద తెలుగు అర్థమయ్యే తుపాకీ ఒక్కటే ఉండేది. అది మా పిన్నిది. పిన్ని అంటే అమ్మకు స్వయానా చెల్లెలు, పిల్లల డాక్టరు. వారమంతా ఆసుపత్రిలో పిల్లలకు సూదులు గుచ్చి, శనివారం పొద్దున్నే చీర మీద మందపాటి కోటు తొడుక్కుని ఊరి బయట షూటింగ్ క్లబ్బుకు పోయేది. చాప మీద బోర్లా పడుకుని, ఆరు వందల గజాల అవతల ఉన్న కాగితానికి తూటాలు గుచ్చేది. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో అబ్బిన విద్య. గురి చూస్తూ "కదలకమ్మా, బంగారం, కదలకు" అని రైఫిల్‌ను బతిమాలేది. సూదేసేటప్పుడు పిల్లలతోనూ ఇదే మాట. తుపాకీయే ఎక్కువ మాట వినేదని చెప్పేది.

నాకప్పుడు పన్నెండేళ్ళు. ఆ వేసవంతా పిన్ని తోకలా వెంట తిరిగాను. ఆమె దగ్గరున్న పాత చిన్న రైఫిల్ నాకిచ్చి, పక్కనే కూర్చుని, మోచేతి కింద వేళ్ళు పెట్టి సరిచేస్తూ నేర్పేది. ఎండాకాలంలో కూడా ఆ వేళ్ళు చల్లగా ఉండేవి. ఆసుపత్రి సబ్బు వాసన వచ్చేవి. ఇంత చేసినా నా తూటాలు వెనకున్న మట్టికట్టకు చుట్టాలయ్యాయి గానీ కాగితంతో పరిచయమే పెట్టుకోలేదు.

అమ్మకు ఈ వ్యవహారం మొదటినుంచీ నచ్చలేదు. ఆకులు రాలడం మొదలవగానే గడువు పెట్టేసింది. మంచు పడేలోగా నల్లచుక్కలో చిల్లులున్న కాగితం ఒక్కటి తెచ్చి చూపించాలి. లేదంటే శనివారాలన్నీ లెక్కల ట్యూషన్‌కే. లెక్కలంటే నాకు భయం లేదు, అసహ్యం అంతే. అసలు భయం వేరే ఉంది. పిన్నికి పిల్లల్లేరు, బాబాయి ఎప్పుడూ ఊళ్ళు తిరిగే ఉద్యోగం. కారులో ఆమె పక్క సీటు నాది. శనివారాలు పోతే ఆ సీటు పోతుంది.

తప్పంతా తుపాకీదేనని తేల్చాను. పాతది, చిన్నది, పైగా పిన్ని మాట తప్ప వినదు. "సరే, నీకంటూ ఒకటి కొందాం పద" అంది పిన్ని.

తుపాకుల కొట్లోకి అడుగు పెట్టగానే నా కళ్ళు నల్లటి పొడుగాటి రైఫిల్ మీద పడ్డాయి. పైన దుర్భిణీ, కింద రెండు కాళ్ళు. అదే కావాలన్నాను. కొట్టాయన నవ్వి చేతికిచ్చాడు. ఎత్తాను. అంటే, ఎత్తబోయాను.

"ఒరేయ్, నువ్వు దాన్ని ఎత్తడంలేదు, అదే నిన్ను దింపుతోంది" అంది పిన్ని.

తర్వాత ఓ చిత్రమైన షరతు పెట్టింది. మొదటి తుపాకీని చూసి కొనకూడదట. కళ్ళు మూసుకుని భుజానికి ఆనించాలి, ఆమె "ఇక తెరువు" అన్నప్పుడే తెరవాలి. మెడ వంచకుండా, తల కదపకుండా, గొట్టం మీది గురి సూటిగా కంటికి ఎదురొస్తే అది మనది. నాలుగు తుపాకులు అలా ఎత్తించింది. తెరిచిన ప్రతిసారీ నాకు కొట్టు పైకప్పో, తుపాకీ వెనక కట్టె అంచో, కొట్టాయన మీసమో కనిపించేది. గురి మాత్రం ముక్కుకు అవతలెక్కడో ఉండేది.

పిన్ని కాసేపు నన్ను రోగిని చూసినట్టు చూసింది. రెండు చేతులూ చాచి వేళ్ళ మధ్య చిన్న కిటికీ చేసి, అందులోంచి గోడగడియారం చూడమంది. గడియారం తప్పిపోకుండా ఆ కిటికీని మెల్లగా ముఖం దాకా తెచ్చుకోమంది. తెచ్చాను. అది నేరుగా ఎడమ కంటి మీదికి వచ్చి ఆగింది.

"దొంగా! ఎడంచేతి వాటమా నీది?"

ఆ సంగతి మా ఇంట్లో పాతేసి చాలా ఏళ్ళయింది. అక్షరాభ్యాసం నాడు బలపం ఎడంచేత్తో పట్టుకున్నానని పెద్దలంతా ముఖాలు చిట్లించారట. అప్పటినుంచి అమ్మ తన జడ రిబ్బనుతో నా ఎడం చేతిని నడుముకు కట్టి కుడిచేత్తో దిద్దించింది. పిన్ని అప్పటికే కెనడా వచ్చేసింది కాబట్టి ఆమెకు తెలియదు. చెయ్యి మారింది గానీ కన్ను మారలేదన్నమాట. "అమ్మకు చెప్పకు పిన్నీ" అన్నాను.

పిన్ని కొట్టాయన వైపు తిరిగింది. ఎడంచేతి వాటం వాళ్ళ తుపాకీ ఉందా అని అడిగింది. ఒక్కటే ఉంది. చిన్న తూటాలది, తేలికది, కట్టె మీద గీతలు, చూడ్డానికి పెళ్ళివారు తిప్పి పంపిన సంబంధంలా ఉంది. కళ్ళు మూసుకుని ఎడం భుజానికి ఆనించాను. మోచేతి కింద చల్లటి వేళ్ళు. "ఇక తెరువు."

గురి నా కోసం ముందే వచ్చి నిలబడినట్టుంది.

ఆ శనివారం దాంతో అయిదు తూటాలు కాల్చాను. మూడు నల్లచుక్కలో, ఒకటి తెల్లలో. అయిదోది ఎటు పోయిందో ఈనాటికీ కబురు లేదు. పిన్ని ఆ కాగితాన్ని మడత పడకుండా ఒళ్ళో పెట్టుకుని కారు నడిపింది. ఇంటికి రాగానే అమ్మ చేతిలో పెట్టి "ఎడంచేత్తో కొట్టాడక్కా" అని చెప్పేసింది. నేను చెప్పులు వదలకుండా గుమ్మంలోనే నిలబడ్డాను, పారిపోవడానికి వీలుగా. అమ్మ కాగితాన్ని వెలుగుకు పట్టి, ఒక్కో చిల్లునూ చిటికెన వేలితో తడిమింది.

రోజూ సాయంత్రం అమ్మ నాచేత ఓ పేజీ తెలుగు రాయించేది. నోటుపుస్తకం తెరిచి, కుడిపక్కన పెన్సిల్ పెట్టి వంటకు పోయేది. ఆ సాయంత్రం పెన్సిల్ ఎడమపక్కన ఉంది. అమ్మ అటు తిరిగి, దింపేసిన పులుసును ఊరికే కలుపుతూ నిలబడింది.

నేను పదహారేళ్ళకు బడి మానేసి లేత్ మెషీన్ పనిలో చేరాను. నాకు మిగిలిన చదువల్లా ఆ నోటుపుస్తకమే. ఇదీ ఎడంచేత్తోనే రాస్తున్నాను. చూడ్డానికి అమ్మా లేదు, పిన్నీ లేదు.

అప్పట్లో ఊళ్ళో మూడే తెలుగిళ్ళు. ఇప్పుడు పక్కూరు వాటర్లూకి పోయే బస్సెక్కితే సగం బస్సు తెలుగే, అంతా చదువుకోవడానికి వచ్చిన పిల్లలు. మా బేస్‌మెంట్‌లో ఉండే ఖమ్మం కుర్రాడు పిజ్జాలు డెలివరీ చేసుకుంటూనే తుపాకీ భద్రత కోర్సు పాసై లైసెన్స్ తెచ్చుకున్నాడు. ఫోన్లో నల్లటి పొడుగాటిది చూపించి "అంకుల్, ఇది మైలు దూరం కొడ్తదంట!" అన్నాడు.

"అది కొడుతుందిలేరా. నువ్వు కొడతావా?"

మొన్న కొట్టుకు తీసుకెళ్ళి కళ్ళు మూసుకోమన్నాను. మోచేతి కింద వేళ్ళు పెట్టాను. నాకు తెలియకుండానే "కదలకమ్మా, బంగారం" అనేశాను. వాడు పగలబడి నవ్వి, చివరికి ఓ సాదాసీదా చిన్నదే ఎంచుకున్నాడు. వాడు కాగితాల మీద సంతకాలు పెడుతుంటే, నేనూ ఊరికే ఒకటి తీసి ఎడం భుజానికి ఆనించి కళ్ళు మూసుకున్నాను. మోచెయ్యి దానంతటదే కొంచెం పైకి లేచింది. ఆ ఒక్క మాట వినిపిస్తే తెరుద్దామని అలాగే నిలబడ్డాను.

"అంకుల్, నిద్ర పోయిన్రా ఏంది?" అన్నాడు కుర్రాడు.