నెల్డా బస్సు ఆపిన రోడ్డు

నెల్డా స్టాన్సిల్ పదిహేడో ఏట స్కూలు బస్సు స్టీరింగు పట్టుకుంది. అప్పట్లో నార్త్ కరోలినాలో పై తరగతుల పిల్లలే బస్సులు నడిపేవారు. పొద్దున్నే చిన్నపిల్లల్ని ఎక్కించుకుని బడి దగ్గర దింపి, తనూ ఆ బడిలోనే పాఠానికి కూర్చునేది. ఇప్పుడామెకు యాభై ఆరు. మొన్న మార్చి దాకా ఆమె బస్సుకు చిన్న గీత కూడా పడలేదు.

మా కౌంటీ, అంటే మా జిల్లా, పల్లెటూరా పట్నమా అన్న వాదన బార్బెక్యూ కొట్లో ఎప్పుడూ ఉండేదే. నెల్డా భర్త వెర్నన్ దాన్ని ఎగదోసే రకం.

"నీ ఇంటికి బావి నీళ్లా, పంపు నీళ్లా?" అని ఎవర్నో ఒకర్ని పట్టుకుని అడుగుతాడు.

"బావి నీళ్లే."

"అయితే నువ్వు పల్లెటూరోడివే, పో."

"మరి మా దొడ్డి వెనక లేచిన ఇళ్లన్నీ ఏంటి? వాళ్లది ఏ ఊరు?"

"వాళ్లకి ఊరెక్కడిది? పడుకోడానికొస్తారు, తెల్లారి ఉద్యోగాలకి పోతారు."

అందరూ నవ్వుతారు. నెల్డా మాత్రం మూకుడులో వేయించిన మొక్కజొన్న పిండి ఉండలు తింటూ వినేది, అంతే. ఆ కొత్త ఇళ్ల పిల్లలూ ఆమె బస్సే ఎక్కుతారు.

మార్చిలో ఓ మధ్యాహ్నం బడి వదిలాక, శాండీ క్రాస్ రోడ్డు మీద ఎదురుగా శవాన్ని తీసుకెళ్లే నల్లబండి వచ్చింది. దాని వెనకే లైట్లు వేసుకున్న కార్లు వరసగా. మా దగ్గర ఎవరి అంతిమయాత్ర ఎదురొచ్చినా బండి పక్కకు తీసి ఆపుతారు. చట్టమేం కాదు, అలవాటు. నెల్డా వాళ్ల నాన్న పొగాకు చేలో ఉన్నా సరే, ట్రాక్టరు ఆపి, దిగి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడేవాడు. నెల్డా కాలు ఆలోచించకుండానే బ్రేకు మీదికి వెళ్లింది.

ఆ రోడ్డును రెండు వరసల నుంచి నాలుగు వరసలు చేసి అప్పటికి ఏడాది కాలేదు. ఇదివరకు అంచున గడ్డి ఉండేది, బండి దింపుకునే వీలుండేది. ఇప్పుడక్కడ సిమెంటు గట్టు. దిగడానికి చోటు లేక బస్సు తన వరసలోనే ఆగిపోయింది. వెనకాల సామాన్లు చేరేసే వ్యాను కుర్రాడు, బస్సు ఎందుకాగుతుందో అంతుపట్టక, వచ్చి గుద్దేశాడు. ఓ పాపకు ముందు సీటు తగిలి గడ్డం చీలింది, కుట్లు పడ్డాయి. మిగతా పిల్లలు ఏడ్చి ఊరుకున్నారు.

ఆ వారమే నెల్డాను ఆఫీసుకు పిలిచారు. వెర్నన్‌కు గుండె ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మందులూ డాక్టర్లూ అన్నీ ఆమె ఉద్యోగంతో వచ్చే ఇన్సూరెన్సు మీదే. ఉద్యోగం పోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

గదిలో స్కూలు బస్సులన్నీ చూసుకునే అధికారి రేఫర్డ్ కీన్ ఉన్నాడు. అతనూ చదువుకునే రోజుల్లో బస్సు నడిపినవాడే. పక్కన ఆ పాప తల్లి డానా కోవల్‌స్కీ, రెండేళ్ల కిందట న్యూజెర్సీ నుంచి వచ్చినావిడ. ఆమె అరవలేదు.

"చనిపోయినవాళ్లు మీకేమవుతారు?" అని అడిగింది.

"ఏమీ కాదండీ."

"మరెందుకు ఆపారు?"

"ఏమీ కాకపోయినా ఆపుతామండీ. అయినవాళ్లయితే వెనకాల వెళ్తాం."

"చనిపోయినవాళ్లంటే నాకూ గౌరవం ఉంది. కానీ నా పిల్ల బతికుంది," అంది డానా.

ఆ మాట తప్పని నెల్డాకూ అనిపించలేదు.

రేఫర్డ్ గొంతు సవరించుకుని గోడకున్న మ్యాపు దగ్గరికి నడిచాడు. "చూడు నెల్డా. పల్లె రోడ్ల మీద ఆపితే నేనేమీ అనను, నేనైనా ఆపేవాణ్ణే. ఎక్కడి దాకా ఆపుతావో, ఎక్కణ్ణించి ఆపవో చెప్పు. రాసుకుంటాను, అయిపోతుంది."

నెల్డా లేచి శాండీ క్రాస్ చర్చి మీద వేలు పెట్టింది. "ఇక్కడ్నించి అవతలంతా పల్లే కదా."

"దాని ఎదురు చేను అమ్మేశారు. ఎండాకాలానికి ఇళ్లు లేస్తాయి."

వేలు కొంచెం జరిగింది. "అయితే ఈ వంతెన."

"ఆ రోడ్డు కూడా వెడల్పు చేస్తున్నారు. నీకు తెలీదా?"

"తెలుసు." వేలు ఇంకా జరిగింది. తను పుట్టిన ఇల్లు దాటింది, వాగు దాటింది. రేఫర్డ్ ప్రతిసారీ చిన్నగా తల అడ్డంగా ఊపుతున్నాడు, చెప్పడం అతనికీ ఇష్టం లేనట్టు. చివరికి వేలు కౌంటీ హద్దు దాటి పక్క కౌంటీలో ఆగింది. అక్కడికి ఆమె బస్సు వెళ్లదు.

"ఎక్కడా ఆపనని రాసుకో రేఫర్డ్," అంది నెల్డా.

రాసుకున్నాడు. ఆమె సంతకం పెట్టింది. ఉద్యోగం నిలిచింది. డానా వెళ్తూ వెళ్తూ ఆమె భుజం మీద చెయ్యి వేసి తీసింది.

ఏప్రిల్ నెలాఖరున అదే రోడ్డు మీద మళ్లీ కార్ల వరస ఎదురొచ్చింది. పక్క వరసలో ఓ పాత పికప్పు ట్రక్కు ఆగింది. అందులో మనిషి టోపీ తీశాడు. నెల్డా ఆగలేదు.

"మిస్ నెల్డా, మీరు ఆపట్లేదా?" వెనక నుంచి ఓ పిల్ల గొంతు.

"సరిగ్గా కూర్చో బంగారం."

కళ్లు రోడ్డు మీంచి కదల్చలేదు. కార్లు ఒకటొకటిగా పక్కనుంచి పోతున్నంతసేపూ చేతులు స్టీరింగుకు అతుక్కుపోయి ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి వెర్నన్ వరండాలో కూర్చుని ఉన్నాడు. "ఇవాళ ఎవర్నో తీసుకెళ్లారట. ఎవరు?"

"చూళ్లేదు."

"కార్లు చూస్తే తెలిసిపోవూ నీకు?"

"చూడలేదన్నాగా."

వెర్నన్ ఫోను అందుకున్నాడు. "ఉండు, చర్చిలో కనుక్కుంటా."

"ఇవాళ్టికి అడక్కు వెర్నన్," అంది నెల్డా, బస్సు తాళాలు ఇంకా చేతిలోనే పట్టుకుని. "పేరు తెలిస్తే రేపు ఆ చావింటికి వంట చేసి తీసుకెళ్లాలి. బండి ఆపకుండా వచ్చేసి ఏ మొహంతో వెళ్లను?"

వెర్నన్ ఫోను ఒళ్లో పెట్టుకుని, ఆమె కూర్చోడానికి పక్కకు జరిగాడు.