సీటుకు బాపు కుట్టిన తొడుగు

నా రోడ్డు సైకిల్ చాలా తేలిక. సన్నటి టైర్లు, రాయిలాంటి సీటు. కరీంనగర్‌లోని మా ఇంటి నుంచి డ్యామ్ కట్ట దాకా వెళ్లొస్తే రెండు రోజులు సరిగ్గా కూర్చోలేకపోయేదాన్ని. ఆ సంగతి డైరీలో రాసుకున్నానే గానీ ఎవరికీ చెప్పలేదు. అవ్వ నా నడక చూసి కనిపెట్టి బాపుకు చెప్పేసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

బాపు మరమగ్గం నడుపుతాడు. షెడ్డులో మిగిలిన తువ్వాలు గుడ్డ ముక్కలు తెచ్చి, పొరలు పొరలుగా పేర్చి, సీటుకు తొడుగు కుట్టాడు. నీలం మీద ఎర్ర గళ్లు, దిండంత బొద్దుగా ఉండేది. దానిమీద కూర్చుంటే నొప్పే తెలియలేదు.

ఆదివారాలు నేను వెళ్లే సైకిల్ బృందంలో ఒక అలవాటుంది. హ్యాండిల్‌కూ సీటుకూ మధ్య రాడ్డు కింద రెండు వేళ్లు పెట్టి, ఎవరి సైకిల్ ఎంత తేలికో ఎత్తి చూస్తారు. ఆ ఆదివారం మాలో పెద్దాయన నాది ఎత్తాడు.

"సైకిల్ హల్కానే ఉన్నది గని, గీ పరుపెందుకు బిడ్డా? తొవ్వ నడుమల పండుకుంటవా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"మా బాపు కుట్టిండు. వద్దంటే ఇనలే," అన్నాను.

నేను వద్దనలేదు.

తర్వాతి వారం నుంచి వీధి మలుపు దాటగానే తొడుగు విప్పి వీపు సంచిలో దాచేదాన్ని. మోసే బరువు ఏమీ తగ్గలేదు, కనిపించకుండా పోయింది, అంతే. ఇంటికి దగ్గరవుతుండగా మళ్లీ తొడిగేదాన్ని. ఒకరోజు మరిచిపోయాను.

బాపు ఉత్త సీటును బొటనవేలితో నొక్కి చూశాడు.

"ఒత్తుకుంటలేదా బిడ్డా?"

"లేదు బాపూ."

నా సంచిలోంచి తొడుగు తానే తీసుకుని, గడపలో కూర్చుని కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.

"మంచిగున్నదాన్ని ఎందుకు ఇప్పుతున్నవయ్యా?" అంది అవ్వ.

"జర పల్చగ చేస్తున్న."

సగానికి పైగా పొరలు తీసేశాడు. గళ్ల గుడ్డను లోపలికి పెట్టి, లోపలి పొరల్లోని వట్టి నీలం ముక్క పైకి వచ్చేలా కుట్టి నా చేతికిచ్చాడు.

"గిట్లైతే నవ్వరు గదా?"

నవ్వారని నేను బాపుకు ఎప్పుడూ చెప్పలేదు. "మంచిగుంది," అని మాత్రం అనగలిగాను.

ఇప్పుడు ఆ తొడుగును ఎక్కడా విప్పడం లేదు. ఎవరూ దాన్ని పట్టించుకోవడం లేదు కూడా. నొప్పి మాత్రం మళ్లీ మొదలైంది. తీసేసిన పొరలు మళ్లీ వేయమని బాపును అడగడానికి నాకు నోరు రావడం లేదు.