మట్టి పిరోష్కా మొగుడు బూట్లు విప్పిన రోజు

పిరోష్కాని మా ఊళ్ళో అందరూ ‘మట్టి పిరోష్కా’ అంటారు. ఆ పేరు పెట్టింది పైవాళ్ళెవరో కాదు, కట్టుకున్న మొగుడే! వెండెల్ కాంక్రీటు లారీ నడిపేవాడు. ముప్ఫై ఏళ్ళు ఆవిడ మట్టిలో గడ్డి కలిపి గోడలు పూస్తుంటే, ఈయన గుమ్మంలో నిలబడి, “వానొస్తే నీ గోడ చారైపోతుందే!” అని వేళాకోళం. పాడు నోరు. అంత మాటన్నవాడు ఎండాకాలం మధ్యాహ్నం కునుకు తీసేది మాత్రం ఆవిడ పూసిన మట్టిగదిలోనే, చల్లగా ఉంటుందని.

ఈ వసంతంలో మా పిల్లల బడికి కొత్త గది కట్టాలన్నారు. ప్రకృతికి చెరుపు చెయ్యని ఇళ్ళ సామాన్ల ప్రదర్శన పట్నంలో జరుగుతోందని, గోడలు దేంతో కట్టాలో అక్కడే చూసి తేలుస్తానంది బడి పెద్ద హయ్నల్కా. ఆ గోడలు తనే కట్టాలని పిరోష్కాకి ఒకటే ఆరాటం. ఇరవై ఏళ్ళుగా అన్నీ పాతగోడల మరమ్మతులే, కొత్తది కట్టమన్న పుణ్యాత్ముడు లేడు.

కాల్చకుండా నెల్లాళ్ళు ఆరబెట్టిన పచ్చి ఇటుకలతో మోకాలెత్తు గోడ కట్టి ప్రదర్శనలో బల్ల మీద పెట్టుకుంది. అటు చెక్కపొట్టు పలకలు, ఇటు వెచ్చదనానికి గోడల్లో కూరే గొర్రెబొచ్చు. అవి అమ్మేవాళ్ళందరికీ రంగురంగుల కరపత్రాలున్నాయి. ఈవిడకి ఆ గోడ ఒక్కటే, బల్ల కింద ఇటుకల అచ్చూ మట్టి తొక్కే తొట్టీ.

హయ్నల్కా రెండు వరసల అవతల కనిపించింది. సరిగ్గా అప్పుడే వెండెల్ వేడివేడి లాంగోష్ రొట్టె పట్టుకొచ్చి, కూర్చోడానికి చోటు చాలక బల్లని మోకాలితో నెట్టాడు. ధబ్బున గోడ నేలమీద పడి ముక్కలైంది.

“నా కొంప ముంచావు కదయ్యా!” అంది పిరోష్కా. ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి. వెండెల్ నోట్లో రొట్టె నోట్లోనే ఉండిపోయింది.

హయ్నల్కా రానే వచ్చింది. “అయ్యో పిరి పిన్నీ, పిల్లలు బంతితో కొట్టినా ఇంతేనా?”

అబద్ధమాడేద్దామనిపించింది గానీ పిరోష్కాకి నోరు రాలేదు. “పగలదని చెప్పనమ్మా. పగిలితే ఏం చెయ్యాలో చూపిస్తా.” మొగుడి వైపు తిరిగి, “గుడ్లప్పగించి చూస్తావేం? నీళ్ళు పట్రా!” అంది.

ముక్కలు తొట్టిలో వేసి చితక్కొట్టి నీళ్ళు పోసింది. ఇక తొక్కాలి. బూటు విప్పబోతుంటే వెండెల్ ఆపాడు.

“ఉండవే, అసలే నీ మోకాళ్ళు బాలేవు.”

బూట్లూ మేజోళ్ళూ విప్పి, ప్యాంటు మడిచి తొట్టిలోకి దిగాడు. జనం మూగారు. సిగ్గుతో మొహం ఎర్రబడ్డా తొక్కుతూనే ఉన్నాడు.

“మెల్లిగా! నీ లారీ కాదది,” అంది పిరోష్కా నవ్వాపుకోలేక.

కాసేపటికి అదే మట్టి మళ్ళీ అచ్చులోంచి ఇటుకలై దిగింది. పిడికెడు కూడా చెత్తలోకి పోలేదు.

హయ్నల్కా తడి ఇటుకని వేలితో ముట్టి చూసింది. “బడి గోడల మట్టికి గొయ్యి ఎప్పుడు తవ్వుదాం పిన్నీ?”

ఇప్పుడు బడి వెనక గోడలు నడుమెత్తు లేచాయి. పొద్దున్నే గోతిలో దిగి తొక్కేది వెండెలే. మొన్నెవరో దారిన పోతూ, “వానొస్తే చారైపోదూ?” అన్నారట.

“మా ఆవిడ కట్టే గోడది, నోరు జాగ్రత్త!” అని కొట్టినంత పని చేశాడు.